ఏర్పేడు దారిలో మా గేటెడ్ లేఅవుట్: గోడ లోపల నాలుగు స్టార్లు, గోడ బయట ఒకటిన్నర

రేణిగుంట దాటి ఏర్పేడు వైపు పోయే దారిలో, మెయిన్ రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న గేటెడ్ లేఅవుట్‌లో మాకు ఇల్లుంది. ఇప్పుడు ఫేజ్ టూ బుకింగ్ మొదలైంది. సైట్ చూడటానికి వచ్చినవాళ్ళు మా గేటు ముందు ఆగి "ఎలా ఉంది మేడమ్, తీసుకోవచ్చా?" అని అడిగిపోతున్నారు. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పే ఓపిక లేక అంతా ఒకేసారి రాస్తున్నా. కంపెనీ పేరు రాయను. ఐఐటీ, ఐసర్ క్యాంపస్‌లు ఏర్పేడు దగ్గరికి వచ్చాక ఈ దారిలో లేచిన వెంచర్లలో చాలావరకు ఇదే నమూనా. పేరు లేకపోయినా చదివినవాళ్ళకు ఉపయోగమే.

ముందు బాగున్న సంగతులు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రెండూ ఉన్నాయి. లింక్ డాక్యుమెంట్లు అడిగితే విసుక్కోకుండా ఇచ్చారు. మాది 40 అంకణాలు, అంటే 160 గజాలు. సర్వేయర్‌తో కొలిపిస్తే తేడా రాలేదు. సిమెంట్ రోడ్లు పగుళ్ళు లేకుండా ఉన్నాయి, డ్రైనేజీ భూమి లోపలే పోతుంది. బోరు నీళ్ళు కాస్త చప్పగా ఉంటాయి, తాగడానికి క్యాను తెప్పించుకోవాల్సిందే. క్లబ్ హౌస్ అంటే ఒక క్యారమ్ బోర్డు, ఎవరూ ఎక్కని రెండు ట్రెడ్‌మిల్‌లు. సెక్యూరిటీ కుర్రాళ్ళు మర్యాదస్తులు. గోడ లోపలికి నాలుగు స్టార్లు ఇచ్చేయొచ్చు, పేచీ లేదు.

నా పేచీ గోడతోనే.

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న రోజుల్లో ఈ చుట్టుపక్కల పల్లెల బ్రాంచి పోస్టాఫీసులు తనిఖీ చేయడానికి వచ్చేదాన్ని. అందుకే ఈ నేల లేఅవుట్ కాకముందు ఎలా ఉండేదో బాగా తెలుసు. ఎర్రమన్ను, దాంట్లో తెల్లటి పలుగురాళ్ళు. తంగేడు, బలుసు, కలివి, రేగు పొదలు. పొదల మధ్య మోకాలి ఎత్తు బోదగడ్డి. వాగు పొడుగునా ఈత చెట్లు, వాటికి వేలాడే గిజిగాడి గూళ్ళు. పొద్దు వాలాక బస్సు కోసం నడిచొస్తుంటే కౌజుల అరుపులు రెండు పక్కలా వినిపించేవి. గడ్డిలో చిన్న గుంట చేసుకుని పగలంతా కదలకుండా పడుకునే చెవులపిల్లి, అదే అడవి కుందేలు, కాలు తగిలేంత దగ్గరికి వెళ్తే గానీ లేచేది కాదు.

కాగితాల్లో ఈ నేలకు ఏ గౌరవమూ లేదు. కొంత పట్టా, కొంత డీకేటీ (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి), కొంత మేత పోరంబోకు. కనుచూపు మేరలో ఉన్న శేషాచలం కొండల్లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది, 1989 నుంచీ. 2010లో ఆ కొండలను బయోస్ఫియర్ రిజర్వుగా కూడా ప్రకటించారు. అక్కడ చెట్టు నరికితే కేసు. ఇక్కడ చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ కాబట్టి ఇది అడవి కింద లెక్క కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఈ గడ్డిలో బతికే నెమలికీ, నక్షత్ర తాబేలుకీ వర్తిస్తుంది గానీ, అవి బతికే గడ్డికి మాత్రం దిక్కు లేదు. పట్టా భూమిలో జేసీబీ ఎక్కించడానికి కంపెనీ ఏ తప్పూ చేయనక్కర్లేదు. చేయలేదు కూడా. నేను రాసేది చట్టం గురించి కాదు, పని చేసిన తీరు గురించి.

బ్రోచర్ మీద నెమలి బొమ్మ ఉంటుంది, "ప్రకృతి ఒడిలో" అని. నిజమే, నెమళ్ళున్నాయి, నేను రాకముందు కన్నా ఎక్కువే ఉన్నాయి. పార్కు లాన్‌లో తిరుగుతాయి, మా ఆయన వేసిన చిక్కుడు మొలకల్ని వరసగా తినేస్తాయి. ఎండాకాలంలో నల్ల కార్ల తలుపుల్లో తమ నీడ చూసి ఇంకో మగ నెమలి వచ్చిందనుకుని పొడుస్తాయి. కారు మీద గీతలు పడ్డాయని మెయింటెనెన్స్ వాళ్ళకు కంప్లైంట్ ఇచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. జాతీయ పక్షి మీద కంప్లైంట్ తీసుకోవడానికి వాళ్ళ రిజిస్టర్‌లో కాలమ్ లేదు పాపం. నేను చెప్పేదేమిటంటే నెమలి కనిపించింది కదా అని సంబరపడి అడ్వాన్స్ ఇవ్వకండి. నెమలి, కాకి, గోరింక, పావురం మనుషుల పక్కన బతకడం నేర్చుకున్నవి. మనం పారేసింది తింటాయి, మనం కట్టిన గోడ ఎక్కుతాయి. గడ్డి లేకపోతే బతకలేనివి వేరే. నేల మీద గుడ్లు పెట్టే కౌజు, ఆకాశంలోకి ఎగిరి పాడుతూ దిగే చిన్న భరతపక్షులు, చీకటి పడ్డాక మట్టిరోడ్డు మీద కూర్చుని బండి లైటుకు ఎర్రగా కళ్ళు మెరిపించే నైట్‌జార్. మా లేఅవుట్ లోపల ఇప్పుడు ఇవేవీ లేవు. ఫోన్‌లో కూతను బట్టి పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ పెట్టుకుని మేడ మీద కూర్చుంటే పొద్దున పూట వచ్చే పేర్లు కాకి, గోరింక, పిగిలిపిట్ట, మళ్ళీ కాకి.

కొత్తగా వచ్చి చేరిన పక్షి ఒకటుంది, తీతువు. దాని తప్పేమీ లేదు గానీ దాని గురించి మాట్లాడాలి. ఖాళీ ప్లాట్లు కంకర, మట్టితో చదును చేసి ఉంటాయి కదా, అది తీతువుకు నచ్చే నేల. గూడు కట్టదు. గులకరాళ్ళ మధ్య చిన్న పల్లం చూసుకుని గుడ్లు పెట్టేస్తుంది, సాధారణంగా నాలుగు. గుడ్డు రంగు అచ్చం రాయి రంగే. పక్కనే నిలబడినా కనపడదు. మా పక్క ప్లాట్‌లో ఒక జంట పెట్టింది, ఎండలు ముదిరిన రోజుల్లో. మా సంపు పైపు కారి చిన్న మడుగు అయ్యేది. మధ్యాహ్నం పూట తీతువు వచ్చి ఆ నీళ్ళలో పొట్ట ఈకలు తడుపుకుని, వెళ్ళి గుడ్ల మీద కూర్చునేది. చల్లగా ఉంచడానికట. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా అవి చేసే పని అది. ఇది చూశాక ప్లంబర్‌ని పిలవొద్దని మా ఆయనకు చెప్పాను. నీళ్ళ బిల్లు సంగతి ఆయన ఇప్పటికీ ఎత్తుతారు.

కానీ తీతువు అరుపు మన వాళ్ళకు పడదు. రాత్రి అరిస్తే ఇంటికి అరిష్టం అంటారు. పక్క వీధిలో ఉండే బ్యాంకు సార్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు: "మా నాన్నగారికి ఒంట్లో బాగాలేదు, ఆ పిట్టను దయచేసి తోలించండి." ఆయన బాధ అర్థమైంది. ఇంటికి వెళ్ళి చెప్పాను: "సార్, అది ఊరికే అరవదు. గుడ్ల దగ్గరికి కుక్క వస్తేనో, పాము వస్తేనో, మనిషి వస్తేనో అరుస్తుంది. మీకు జీతం లేని వాచ్‌మన్ అది." పెద్దాయన మంచం మీద నుంచే నవ్వి "మా ఊళ్ళో కూడా చెలకలో ఉండేవిలే అమ్మా, ఉండనీ" అన్నారు. సార్ మాత్రం నవ్వలేదు. మెయింటెనెన్స్ వాళ్ళు ట్రాక్టర్‌తో ప్లాట్లు చదును చేయడానికి వచ్చినప్పుడు గుడ్ల చుట్టూ నాలుగు ఇటుకలు పెట్టి, వాళ్ళను పక్కకు పంపాల్సి వచ్చింది. పిల్లలు పుట్టాయి. పుట్టిన కాసేపటికే నడుస్తాయి గానీ ఎగరడానికి వారాలు పడుతుంది. గడ్డి ఉంటే దాక్కునేవి. మా ప్లాట్లలో దాక్కోవడానికి ఏముంది? ఎక్కువ వాటిని కాకులు ఎత్తుకుపోయాయి. ఆ కాకుల్ని పెంచి పోషిస్తున్నది మా చెత్తకుండీలే.

ఇక గోడ. ఏడడుగుల ప్రీకాస్ట్ పలకల గోడ, లేఅవుట్ చుట్టూ ఒక్క సందు లేకుండా. సేల్స్ కుర్రాడు గర్వంగా "చీమ కూడా దూరదు మేడమ్" అన్నాడు. చీమలు దూరుతాయి, వంటింట్లో చూస్తున్నాను. దూరనివి వేరే ఉన్నాయి. గోడ అవతల ఇప్పటికీ గొర్రెలు మేపే ఒక పెద్దాయన ఉన్నారు, పక్క పల్లె. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు మాట్లాడుకుంటాం.

"ఏం మా, గోడ బాగానే కట్టుకుంటిరి. చెవులపిల్లులు యాడికి పోవాల?"

"అదేంది పెద్దాయనా, బయట ఇంత బీడు ఉంది కదా?"

"బీడు ఉండాది. ముందు మా కుక్క తరిమితే అది అట్లా వంకర టింకరగా పోయి పొదల్లో కలిసిపోయేది. ఒక్కటీ దొరికేది కాదు. ఇప్పుడు తరిమితే నేరుగా గోడకాడికి వచ్చి ఆగిపోతాది. ఇంగ దారి యాడుండాది దానికి?"

ఆయన చెప్పింది ఆ తర్వాత నేనూ గమనించాను. వానల తర్వాత నక్షత్ర తాబేలు ఒకటి గోడ పొడుగునా నడుస్తూ కనిపించింది. వాగు వైపు వెళ్ళాలని దాని ప్రయత్నం. గోడ మూల దాకా వెళ్తుంది, మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. దాన్ని ఒక పిల్లవాడు ఇంటికి తెచ్చి టబ్బులో వేశాడు, వాళ్ళమ్మ "ఇంట్లో ఉంటే కలిసొస్తుందంట కదా ఆంటీ" అంది. నక్షత్ర తాబేలును ఇంట్లో పెట్టుకోవడం నేరం, కలిసొచ్చేది అదే. నచ్చజెప్పి అటవీ శాఖ వాళ్ళకు ఫోన్ చేయించాను. వచ్చి తీసుకెళ్ళారు.

గోడ మనుషులకూ చేటే చేసింది. మన దగ్గర వాన అంటే నవంబరు. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైన సంగతి ఎవరూ మర్చిపోలేదు. ఇక్కడ గోడ కట్టింది నేల వాలుకు అడ్డంగా. గట్టి వాన పడితే నీళ్ళు గోడ అవతల నిలిచి, పెద్దాయన గొర్రెల దొడ్డి మునిగింది, మా ఈశాన్యం మూల గోడ పలకలు ఒరిగాయి. అప్పుడు కంపెనీ వాళ్ళే వచ్చి కింద చతురస్రంగా తూములు కొట్టారు. నాకు సంతోషం వేసింది, నీళ్ళతో పాటు మిగతా వాటికీ దారి దొరికిందని. నెల తిరక్కుండా మా అసోసియేషన్ వాళ్ళు పాములొస్తాయని ఆ తూములకు ఇనుప కడ్డీలు బిగించారు. కడ్డీల సందులో పాము దూరుతుంది, తాబేలు దూరదు. మీటింగులో ఈ మాట అంటే అందరూ నవ్వారు, కడ్డీలు మాత్రం అలాగే ఉన్నాయి.

పాముల సంగతి రాయకపోతే ఈ రివ్యూ ఎవరూ నమ్మరు. వస్తాయి. భూమి చదును చేసింది ఏప్రిల్, మే నెలల్లో, గడ్డి తగలబెట్టి మరీ. పిట్టలు నేల మీద గుడ్లు పెట్టే కాలం, పాములు బొరియల్లో నీడకు ఉండే కాలం. బొరియలు పోయాక అవి మా సెప్టిక్ ట్యాంకుల పక్కకు, చెప్పుల స్టాండ్ల కిందికి చేరాయి. దానికి తోడు గోడ పొడుగునా తెల్లటి ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు, మొహం బయటికి పెట్టి, తెల్లవార్లూ. రాత్రి హైవే మీద నుంచి చూస్తే మా లేఅవుట్ పెళ్ళి పందిరిలా వెలిగిపోతుంది. ఆ వెలుగుకు పురుగులొస్తాయి. వాన పడిన రాత్రి ఉసుళ్ళు కుప్పలుగా రాలతాయి. వాటి కోసం కప్పలు, బల్లులు. వాటి కోసం పాములు. అంటే భద్రత కోసం పెట్టిన లైటు కిందికే పామును పిలిచి కూర్చోబెడుతున్నాం. ఒక ఇంటి పోర్టికోలో చిన్న పింజరి కనిపించింది, ఒంటి పొలుసులు రుద్దుకుని చర్‌మని చప్పుడు చేస్తూ. పాములు పట్టేవాళ్ళను పిలిచి పట్టించారు, ఎవరికీ ఏమీ కాలేదు. జెర్రిపోతును మాత్రం పాపం కొట్టి చంపేశారు. విషం లేదు, ఎలుకల్ని తినేది. ఇప్పుడు ఆ వీధిలో కార్ల వైర్లు ఎలుకలు కొరికాయని మళ్ళీ గ్రూపులో మెసేజ్‌లు. మన దగ్గర ఎక్కువ మందిని కాటేసే నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ ఒకే మందు పనిచేస్తుంది. నాటువైద్యం అంటూ తిరగకుండా నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే చాలు, టెన్షన్ అక్కర్లేదు.

చెత్త గురించి కూడా. వెనక గేటు బయట పోస్తున్నారు. అక్కడ కుక్కలు గుంపు కట్టాయి. పగలు మా చెత్త తింటాయి, రాత్రి గడ్డిలోకి పోయి చెవులపిల్లుల్ని, కౌజు పిల్లల్ని వేటాడతాయి. కుక్కలు పెరిగిన చోటికి చిరుత వస్తుంది, దానికి అది తేలికగా దొరికే తిండి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకున్నాక కూడా కొండ చుట్టుపక్కల కాలనీలు చెత్త ఆరుబయట పోస్తున్నాయంటే ఏమనాలి? మా దగ్గరికి చిరుత రాలేదు. రాకముందే కుండీకి మూత పెట్టమని రాసిచ్చాను. ఇంకా టెండర్ల దశలో ఉందట, ఒక మూతకు.

మొక్కల ఎంపికకు సున్నా. రోడ్డు పక్కన వరసగా కోనోకార్పస్ అనే విదేశీ మొక్కలు నాటారు. ఎన్నో ఊళ్ళలో దీని మీద గొడవ జరిగాక కూడా. తంగేడు, బలుసు, రేగు ఉన్నచోటే రెండు వరసలు వదిలేసి ఉంటే నీళ్ళు పోయాల్సిన పనీ ఉండేది కాదు, పిట్టలకు పండూ దొరికేది.

మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో డెన్వర్ పక్కన ఉంటారు. అక్కడ ప్రెయిరీ అనే గడ్డి మైదానాల మీదే కొత్త కాలనీలు వస్తున్నాయి. వాళ్ళింటి వెనక ప్రెయిరీ డాగ్‌లు ఉండేవి. పేరుకు డాగ్ గానీ ఉడత కుటుంబం, బొరియలు తవ్వుకుని గుంపులుగా ఉంటాయి. అవి వదిలేసిన బొరియల్లో ఒక రకం చిన్న గుడ్లగూబలు గుడ్లు పెడతాయి. ఈ ప్రెయిరీ డాగ్‌లనే తిని బతికే నల్లకాళ్ళ ఫెర్రెట్ అనే చిన్న వేటజంతువు అంతరించిపోయిందని అనుకున్నారు, 1981లో వయోమింగ్‌లో మళ్ళీ దొరికింది. అక్కడా ఇళ్ళ కోసం ప్రెయిరీ డాగ్‌లను మందు పెట్టి చంపడం ఉంది, పట్టి వేరేచోట వదలడమూ ఉంది. కానీ నేల తవ్వేముందు గుడ్లగూబలు గూడు పెట్టే నెలల్లో ఒకసారి వెతికి చూసుకోమని కొలరాడో వన్యప్రాణి శాఖ చెబుతుంది. డెన్వర్‌ను ఆనుకుని ఉన్న పాత రసాయన ఆయుధాల ఫ్యాక్టరీ స్థలాన్ని వన్యప్రాణులకు ఇస్తూ 1992లో చట్టం చేశారు, 2007లో అక్కడ బైసన్‌లను తెచ్చి వదిలారు. ఇది చెప్తే మా ఆయన "వాళ్ళకు స్థలముంది, డబ్బుంది" అన్నారు. సరే, కడప జిల్లాకే వద్దాం. 1900 తర్వాత ఎవరికీ కనపడని కలివికోడి అనే పక్షి 1986లో లంకమల పొదల్లో దొరికింది. ఇలాంటి పొదలే, గడ్డి, కలివి, ముళ్ళు. 2005లో తెలుగుగంగ కాలువ పని ఆ పొదల్లోకి వస్తే అభ్యంతరాలొచ్చి, తర్వాత కాలువ దారే మార్చారు. అంత కాలువ పక్కకు జరిగినప్పుడు, ఏడడుగుల గోడకు కింద నాలుగు కంతలు పెట్టడం అంత కష్టమా?

కంపెనీ కస్టమర్ కేర్‌కు రెండున్నర ఇస్తాను. ఎస్టేట్ మేనేజర్ ఫోన్ ఎత్తుతాడు, వింటాడు, "పైకి పంపిస్తాను మేడమ్" అంటాడు. ఒక్క పని మాత్రం నిజంగా జరిగింది. తూర్పు గోడ మీద లైట్లకు రేణిగుంటలో వెల్డింగ్ షాపులో రేకు టోపీలు చేయించి, వెలుగు కిందికే పడేలా బిగించారు. బల్బులు పసుపు రంగువి మార్చారు, అర్ధరాత్రి తర్వాత సగం ఆరిపోయేలా టైమర్ పెట్టారు. కరెంటు బిల్లు తగ్గిందని అసోసియేషన్ వాళ్ళే ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నారు. ఆ వైపు ఉసుళ్ళు తగ్గాయి, కప్పలూ తగ్గాయి. గోడ అవతల కౌజు అరుపు ఆ మూలనే వినిపిస్తోంది.

ఫేజ్ టూ తీసుకునేవాళ్ళు సైట్ ఆఫీసులో టీ తాగేసి రాకుండా నాలుగు ప్రశ్నలు వేయండి. భూమి చదును ఏ నెలలో చేస్తారు, ఎండాకాలం అయిపోయేదాకా ఆగుతారా? లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ స్థలం వదలాలి కదా, దాన్ని మా దగ్గర చేసినట్టు మధ్యలో ప్లాస్టిక్ గడ్డి పార్కు చేస్తారా, లేక వాగు వెంబడి ఉన్న ఈత చెట్లు, పొదలతో సహా ఒకే పట్టీగా వదులుతారా? ఈ రెండోది చేస్తే వాళ్ళకు పైసా ఎక్కువ ఖర్చు కాదు, వాగు పక్కన ప్లాట్లకు ధర కూడా వస్తుంది. గోడ కింద తూములు మొదట్నుంచీ ఉంటాయా, కడ్డీలు లేకుండా? లైట్లు ఎటు చూస్తాయి? జవాబు నోటిమాటగా కాదు, ప్లాన్ కాపీ మీద గుర్తు పెట్టించి తీసుకోండి. నేను అడిగితే "రిటైరైన మేడమ్ కదా, టైముంది" అనుకున్నారు. డబ్బు కట్టబోయేవాళ్ళు అడిగితే వింటారు.

మా ఫేజ్‌లో రెండు ప్లాట్లు రీసేల్‌కు ఉన్నాయి. పడమర గోడ పక్కది చవకగా చెబుతున్నారు గానీ ఫ్లడ్ లైటు నేరుగా పడకగదిలోకి కొడుతుంది, వెనక గేటు చెత్త వాసన కూడా అటే. తూర్పు వైపుది అంకణానికి కొంచెం ఎక్కువ చెప్పినా అదే తీసుకోండి. పక్క ఖాళీ ప్లాట్‌లో ఈ ఏడాది కూడా తీతువులు తిరుగుతున్నాయి, చదును చేయించేముందు ఒకసారి కిందికి చూసుకోండి.